ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం: ఇళ్ల కంప్యూటర్లు బాగుచేసే అన్నదమ్ములకు బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్లకు,

నమస్కారం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ వెనక నిలబడి అమ్మేవాళ్లకు, మండల కేంద్రంలో జిరాక్స్ మిషను పక్కన చిన్న బల్ల వేసుకుని ల్యాప్‌టాప్‌లు విప్పే కుర్రాళ్లకు, ఫోన్ చేస్తే బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చేవాళ్లకు ఈ ఉత్తరం రాస్తున్నాను. దొంగ వైరస్ హెచ్చరికల గురించి పోలీసులకు రాయొచ్చు, ప్రభుత్వానికీ రాయొచ్చు. కానీ స్క్రీన్ మీద ఎర్రగా ఏదో కనపడగానే మా నాన్నలాంటివాళ్లు ముందు ఫోన్ చేసేది మీకే. తెలుగు ఇళ్లలో కంప్యూటర్ గురించి చివరి మాట మీదే. అందుకే మీకు రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పదకొండేళ్లుగా ఐటీ సపోర్టులో పనిచేస్తున్నాను. మీ పనీ నా పనీ ఒకటే. కాకపోతే నాకు నెలకు జీతం వస్తుంది, మీకు కంప్యూటర్ బాగుపడితేనే డబ్బులొస్తాయి. ఆ తేడా నాకు తెలుసు. అది తెలిసే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మా నాన్న రిటైర్డ్ హెడ్‌మాస్టర్. తెనాలిలో ఒక్కరే ఉంటారు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. పోయిన ఏడాది వినాయక చవితికి ముందు ఒక సాయంత్రం పూజ ముహూర్తం చూసుకుందామని ఏదో పంచాంగం సైటు తెరిచారు. 'మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి' అని వచ్చింది. నొక్కారు. ముప్పై ఏళ్లకు పైగా బడి నడిపిన మనిషి, రాసి ఉన్న సూచన కనపడితే పాటించడమే అలవాటు. మర్నాటి నుంచి స్క్రీన్ కింద కుడి మూలన చిన్న చిన్న డబ్బాలు రావడం మొదలైంది. 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని ఒకటి, 'మీ యాంటీవైరస్ గడువు తీరిపోయింది' అని ఇంకొకటి. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు ఒకదాని మీద నొక్కారు.

స్క్రీన్ మొత్తం నీలంగా అయిపోయింది. పైన మైక్రోసాఫ్ట్ గుర్తు, మధ్యలో ఒక ఫోన్ నంబర్, సైరన్ మోత. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది: కంప్యూటర్ ఆపొద్దు, ఆపితే మీ డేటా అంతా పోతుంది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. నాన్న ఆపలేదు. మౌస్ మీద నుంచి చేయి తీసేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో అలాగే కూర్చుండిపోయారట. వంటింట్లో పాలు పొంగిపోతున్నా లేవలేదు. కాసేపటికి లేచి గోడ మీది క్యాలెండర్ తిప్పి, దాని వెనక ఆ నంబర్ రాసుకున్నారు. కానీ దానికి ఫోన్ చేయలేదు. తెలిసిన కుర్రాడికి చేశారు. మీలో ఒకడికి.

అక్కడిదాకా అంతా మంచే జరిగింది. ఆ నంబర్‌కు చేసి ఉంటే ఎంత నష్టం జరిగేదో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆ క్షణంలో నాన్న సరైన మనిషినే పిలిచారు.

కుర్రాడు అరగంటలో వచ్చాడు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూశాడు. మూలన మళ్లీ ఆ డబ్బాలు వచ్చాయి. 'వైరస్ బాగా ఎక్కేసింది సార్, ఫార్మాట్ కొట్టాలి' అన్నాడు. అంటే డ్రైవ్ మొత్తం చెరిపేసి విండోస్ కొత్తగా వేయడం. నాన్న డేటా సంగతి అడిగారు. 'సి డ్రైవ్ ఒక్కటే కొడతా సార్, డి జోలికి పోను' అన్నాడు. నాన్నకు సి ఏమిటో డి ఏమిటో తెలియదు. అవి పోవులే అని తలూపారు. మా ఇంటి ఫోటోలన్నీ డెస్క్‌టాప్ మీద 'ఫ్యామిలీ' అనే ఒక్క ఫోల్డర్‌లో ఉన్నాయి. డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే అని మీకు నేను చెప్పక్కర్లేదు. గంటన్నరలో పనైపోయింది. ఎనిమిది వందలు తీసుకుని, నాన్న ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు.

ఆ శనివారం నేను వెళ్లేసరికి ఫోల్డర్ లేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా కూర్చున్నాను. పాత హార్డ్ డిస్క్ కాబట్టి కొన్నైనా దొరికాయి, పేర్లు పోయి అంకెలు మిగిలాయి. అన్నవరం గుడి మెట్ల మీద అమ్మ కూర్చున్న ఫోటో ఒకటుంది. ముఖం, భుజం, చేతిలో కొబ్బరికాయ దాకా బాగానే వచ్చింది, కింది సగమంతా బూడిదరంగు పట్టీ. కొత్త విండోస్ వెళ్లి ఆ చోట కూర్చుంది మరి. అమ్మ మంగళహారతి పాడుతుంటే నాన్న రికార్డు చేసిన ఆడియో ఒకటుండేది. అది రాలేదు.

మూడు వారాల తర్వాత నాన్న ఫోన్ చేసి, మూలన డబ్బాలు మళ్లీ వస్తున్నాయమ్మా అన్నారు. అదే పంచాంగం సైటు, అదే అలో. ఈసారి ఫోన్‌లోనే చెప్పి తీయించాను. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఆ సైటు పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయడం. ఆయన కళ్లజోడు వెతుక్కున్న టైముతో కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఒక్కటి కూడా రాలేదు.

ఆ మొదటిరోజు కంప్యూటర్‌లో వైరస్ లేదన్నమాట. సైటు పంపే నోటిఫికేషన్లు మాత్రమే ఉన్నాయి, వాటికి నాన్నే తెలియక అనుమతి ఇచ్చారు. ఆ నీలం స్క్రీన్ కూడా ఒక వెబ్ పేజీయే. ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకుంది కాబట్టి పైన అడ్రస్ బార్ కనపడలేదు, అంతే. మోసగాళ్లు మా ఇంట్లో ఒక్క ఫైలు కూడా ముట్టుకోలేకపోయారు. ముట్టుకున్నది మనమే.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగేవాడికి అన్నిటికీ పనికొచ్చే మందు ఫార్మాట్ ఒక్కటే. ఏ సమస్యనైనా గంటన్నరలో తీర్చేస్తుంది, కస్టమర్‌కు కూడా పెద్ద పని చేసినట్టు కనపడుతుంది. నోటిఫికేషన్ తీసేసి ఐదు నిమిషాల్లో లేస్తే, దీనికి డబ్బులేంటి అనేవాళ్లు ఉంటారు. అది కస్టమర్ల తప్పు. అందుకని ఇది చదివే కస్టమర్లకు కూడా చెబుతున్నాను: ఐదు నిమిషాల్లో జబ్బు కనిపెట్టిన డాక్టరుకు ఫీజు తగ్గించం కదా. వచ్చినందుకు, చూసినందుకు డబ్బులివ్వండి. అప్పుడే వాళ్లు నిజం చెప్పగలుగుతారు.

ఇక మీకు నా విన్నపం. ఇంటికి వెళ్లగానే ఫార్మాట్ పెన్‌డ్రైవ్ తీయకండి. ముందు ఆ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. మూలన వచ్చే డబ్బా అయితే దాని మీద గూగుల్ క్రోమ్ అనో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనో, కింద ఏదో సైటు పేరో ఉంటుంది. అది ఉందంటే ఆ డబ్బా బ్రౌజర్ నుంచి వచ్చిందన్నమాట. స్క్రీన్ మొత్తం ఆక్రమించిన పేజీ అయితే ఎస్కేప్ కీని కాసేపు నొక్కిపట్టండి, చాలాసార్లు ఫుల్ స్క్రీన్ పోయి అడ్రస్ బార్ బయటపడుతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని బ్రౌజర్ అడుగుతుంది, వద్దనండి. ఇదంతా ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. బ్రౌజర్ మూయగానే సైరన్ ఆగిపోవడం వాళ్లు ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు. మళ్లీ ఇంకెక్కడైనా అది మోగినా సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అసలైన హెచ్చరిక అలా ఉండదు. విండోస్ సెక్యూరిటీ నిజంగా ఏదైనా పట్టుకుంటే చడీచప్పుడు లేకుండా ఒక చిన్న నోటీసు ఇస్తుంది. దాన్ని నొక్కితే విండోస్ సెక్యూరిటీయే తెరుచుకుంటుంది, ఏ వెబ్ పేజీకీ తీసుకెళ్లదు. ఏం పట్టుకుంది, ఏం చేసింది అన్నది ప్రొటెక్షన్ హిస్టరీలో రాసి ఉంటుంది. పెద్దగొంతుతో మాట్లాడదు, గడియారం పెట్టి అంకెలు తగ్గించదు, డబ్బు అడగదు. అన్నిటికన్నా తేలిగ్గా గుర్తుపెట్టుకోవలసింది ఇది: తమ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతోంది. స్క్రీన్ మీద వైరస్ మాట పక్కన ఫోన్ నంబర్ కనపడిందంటే అది మోసమే. ఇంగ్లీషు రానివాళ్లు కూడా దీన్ని గుర్తుపట్టగలరు, ఎందుకంటే అంకెలు అందరికీ తెలుసు.

ఈ మోసం నిన్నా మొన్నా పుట్టింది కాదని మీలో పాతవాళ్లకు తెలుసు. విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ అని దొంగ ప్రోగ్రాములు వచ్చేవి గుర్తుందా? ఉత్తుత్తి స్కాన్ చేసి, లేని వైరస్‌లు చూపించి, తీసేయడానికి డబ్బులు అడిగేవి. వాటిని అమ్మినవాళ్ల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కేసు వేసింది. పది లక్షల మందికి పైగా మోసపోయారని చెప్పింది. 2012లో కోర్టు 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాలని తీర్పు ఇచ్చింది. తర్వాత ఆ వ్యాపారమే రూపం మార్చుకుని ఫోన్ నంబర్ చూపించి, కాల్ సెంటర్లో కూర్చుంది. చెప్పడానికి బాధగా ఉంది కానీ ఆ కాల్ సెంటర్లలో చాలా మన దేశంలోనే ఉన్నాయి. 2023 అక్టోబరులో 'ఆపరేషన్ చక్ర 2' పేరుతో సీబీఐ వేర్వేరు రాష్ట్రాల్లో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులు కూడా అందులో ఉన్నాయి, ఆ కంపెనీల సపోర్టు మనుషులమని చెప్పి విదేశాల్లో ఉన్నవాళ్లను మోసం చేశారని. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉందామని డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మన పెద్దవాళ్లు కూడా ఆ విదేశాల్లో ఉన్నవాళ్ల లెక్కలోకే వస్తారు. గిఫ్ట్ కార్డు కొని దాని నంబర్ చదవమన్నాడంటే అవతలివాడు దొంగే అని వాళ్లకు ఇక్కడే చెప్పి పంపాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. నాన్న కంప్యూటర్‌లో మొదటిరోజు వైరస్ లేదన్నాను కదా, ఫార్మాట్ అయ్యాక వచ్చింది. కుర్రాడు వేసిన విండోస్‌కు లైసెన్సు లేదు, యాక్టివేటర్‌తో, అంటే లైసెన్సు లేకపోయినా ఉన్నట్టు నమ్మించే దొంగ ప్రోగ్రాముతో నడిపించాడు. అది పనిచేయాలంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపాలి, లేదంటే ఆ ఫోల్డర్ జోలికి పోవద్దని మినహాయింపు పెట్టాలి. కుర్రాడు మినహాయింపే పెట్టాడు, కానీ ఆ ఒక్క ఫోల్డర్‌కు కాదు, మొత్తం సి డ్రైవ్‌కు. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే ఆకుపచ్చ టిక్కు నిశ్చింతగా కనపడుతోంది. లోపలికి వెళ్లి ఎక్స్‌క్లూజన్స్ చూస్తే ఒకే ఒక్క లైను, సి డ్రైవ్. అంటే కాపలావాణ్ని గేటు దగ్గర కూర్చోబెట్టి, కళ్లకు గంతలు కట్టినట్టు. ఆ లైను తీసేసి ఫుల్ స్కాన్ పెడితే పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే రకం ఒకటి దొరికింది. నాన్న పెన్షన్ అకౌంట్ పాస్‌వర్డ్ అదే రాత్రి వేరే ఫోన్ నుంచి మార్చాను.

యాక్టివేటర్ల ముసుగులో దొంగ ప్రోగ్రాములు రావడం మామూలే. కేఎంఎస్‌పికో అనే యాక్టివేటర్ పేరు పెట్టుకుని క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్ దొంగ తిరుగుతోందని 2021 చివర్లోనే భద్రతా నిపుణులు బయటపెట్టారు. ఇళ్ల కంప్యూటర్లను బాగా పట్టిపీడించిన స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ కూడా, డీజేవీయూ అని కూడా అంటారు, ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్‌తోనే, అంటే లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీలతోనే వచ్చింది. ఫోటోలన్నిటి పేర్ల చివర ఏవో నాలుగు అక్షరాలు తగిలించి తాళం వేసేస్తుంది, 980 డాలర్లు అడుగుతుంది, మూడు రోజుల్లో కడితే సగం చాలంటుంది. మీ బల్ల మీదికి అలాంటి ల్యాప్‌టాప్‌లు వచ్చే ఉంటాయి. వాటిలో ఎన్నిటికి మనం వేసిన క్రాకే దారి చూపించిందో ఎవరూ లెక్క రాయలేదు.

లైసెన్సు ఖరీదు ఎక్కువ, కస్టమర్ ఒప్పుకోడు, ఇది నాకు తెలుసు. అయినా దారులున్నాయి. విండోస్‌తో పాటు కొన్న ల్యాప్‌టాప్‌కు లైసెన్సు ఆ మెషీన్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించి వేస్తే నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు ప్రో వేసి క్రాక్ కొట్టడం చాలాసార్లు చూశాను, దానివల్ల ఇంట్లోవాళ్లకు ఒరిగేది ఏమీ లేదు. నెట్ చూడటం, కరెంటు బిల్లు కట్టడం, ఉత్తరాలు టైపు చేయడం, ఇంతే పనైతే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా సరిపోతుంది, పైసా ఖర్చులేదు. యాంటీవైరస్‌కు కూడా డబ్బులు పెట్టించనక్కర్లేదు. విండోస్ 10లో, 11లో డిఫెండర్ ఉచితంగానే ఉంది, మామూలు ఇంటికి దాన్ని సరిగ్గా పనిచేయనిస్తే చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లతో నెల రోజుల ట్రయల్ యాంటీవైరస్ వస్తుంది చూడండి, దాన్ని అమ్మేరోజే తీసేయండి. గడువు తీరాక అది రోజూ ఎర్రటి డబ్బాలు చూపిస్తూ కొనమని వెంటపడుతుంది. అది అసలు కంపెనీదే, మోసం కాదు. కానీ ఎర్ర డబ్బా కనపడితే భయపడి డబ్బులు కట్టడం మనుషులకు అక్కడే అలవాటవుతుంది.

అప్‌డేట్ల సంగతి. సిస్టమ్ స్లో అవుతోందని, నెట్ డేటా తినేస్తోందని సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ ఆపేసి ఇస్తుంటారు. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలు టైముంది. డేటా సమస్యైతే కనెక్షన్‌ను మీటర్డ్ అని పెట్టండి, యాక్టివ్ అవర్స్ మార్చండి, అప్‌డేట్‌ను మాత్రం చంపకండి. ఇంకొకటి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం 2026 అక్టోబరు దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం పెట్టారు. కానీ దానిలో చేరితేనే అవి వస్తాయి, వాటంతట అవి రావు. పాత మెషీన్ 11కి పనికిరాకపోతే ఈ మాట కస్టమర్‌కు విప్పి చెప్పండి. ఎవరూ చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఒకరి కంప్యూటర్‌ను ఇంకొకరు దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ గురించి కూడా చెప్పాలి. దూరం నుంచి సాయం చేయడానికి మనకు అది మంచి పనిముట్టు, నేనూ రోజూ అలాంటివే వాడతాను. అయితే పనైపోయాక తీసేయకుండా, మళ్లీ అవసరమొస్తుందిలే అని పాస్‌వర్డ్ పెట్టి వదిలేయడం నేను చూశాను. ఎనీడెస్క్‌తో అకౌంట్లు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. మోసగాడు ఫోన్‌లో చెప్పే మొదటి పని దాన్ని వేయించడమే. మనమే వేసిపెట్టి ఉంచితే వాడికి ఆ శ్రమ కూడా తప్పుతుంది. పైగా 'ఇది మన కుర్రాడు వాడేదే కదా' అని పెద్దవాళ్లు అనుమానపడరు. పని అవగానే, వాళ్ల ఎదురుగానే తీసేయండి.

ఈమధ్య ఇంకో రకం వచ్చింది. రోబో కాదని చెప్పడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వి, ఎంటర్ అంటుంది పేజీ. నొక్కితే ఆ పేజీ రహస్యంగా కాపీ చేసి పెట్టిన కమాండ్ మన చేతులతోనే నడుస్తుంది. ఇది పేజీ మూసేస్తే పోయే మోసం కాదు, అలా నొక్కి ఉంటే మాత్రం వైరస్ నిజంగానే వచ్చినట్టు లెక్క వేసుకోవాలి. ఈ దారిలో కూడా వ్యాపించిన లుమ్మా అనే పాస్‌వర్డ్ దొంగ 2025లో మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా, ఆ రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలో కనపడిందని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. అందుకే ఇంటికి వెళ్లినప్పుడు 'ఏం కనపడింది' అని మాత్రమే కాక, 'మీరు ఏం నొక్కారు, ఎవరికైనా ఫోన్ చేశారా' అని కూడా అడగండి. తిట్టకుండా అడగండి. అలో నొక్కి ఊరుకున్నవాళ్లది ఒక కేసు, ఎనీడెస్క్ వేయించుకున్నవాళ్లది, కమాండ్ నడిపినవాళ్లది ఇంకో కేసు. రెండో రకానికి ముందు నెట్ తీసేయాలి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చాలి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. డబ్బు పోయి ఉంటే మిగతాదంతా పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, బ్యాంకుకు చెప్పించండి. మీరు స్కాన్ చేస్తూ కూర్చున్న గంటలో ఆ డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది.

నిజంగా ఫార్మాట్ తప్పని రోజు వస్తుంది. అప్పుడు 'డేటా ఏమైనా ఉందా సార్' అని అడగొద్దు. డేటా అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. నాన్నకు డేటా అంటే సెల్‌ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ. 'ఫోటోలు ఎక్కడ చూసుకుంటారు, తెరిచి చూపించండి' అని అడగండి. వాళ్ల వేలు ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఉన్నదంతా ముందు మీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకోండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, ఈ నాలుగూ వాళ్లు చెప్పినా చెప్పకపోయినా ఎక్కించండి. పని అయ్యాక తిరిగి పెట్టి, వాళ్లచేతే ఒక ఫోటో తెరిపించి, ఆ తర్వాత మీ దగ్గరున్న కాపీ చెరిపేయండి. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనిపించి నెలకోసారి కాపీ చేసుకోవడం నేర్పితే ఇంకా మంచిది. దానిమీద మీకు నాలుగు రూపాయలు మిగిలినా ఎవరూ కాదనరు.

ఆ కుర్రాడితో నేను మాట్లాడాను. ఫోటో చూపించాను, ఆ సగం బూడిదరంగు ఫోటోనే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'అక్కా, నాకు ఇది ఎవరూ చెప్పలేదు, షాపులో మా ఓనరు చూపించినట్టే చేస్తాను' అన్నాడు. నిజమే. మా ఆఫీసులో అయితే ట్రైనింగులని, మెయిళ్లని ఏడాదంతా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. అతనికి ఎవరు చెప్పారు? అంతెందుకు, ఆఫీసులో రోజూ పదిమందికి ఈ సంగతి చెప్పే నేను నాన్నకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ పంచాంగం సైటు కన్నా ముందు నేను పది నిమిషాలు ఆయన పక్కన కూర్చుని ఉండాల్సింది. కంప్యూటర్ అమ్మేరోజు ఆ పది నిమిషాలు మీరు కూర్చోగలిగితే, నాలాగా ఊళ్లో లేని కొడుకులు, కూతుళ్లు మీకు రుణపడి ఉంటారు.

ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో ఆ కుర్రాడూ నేనూ కూర్చుని ఒక కాగితం మీద రాశాం. బ్రౌజర్‌లో నోటిఫికేషన్లు ఏ సైటూ అడగకుండా మొత్తంగా ఆపేయాలి. ఎడ్జ్‌లో ఇలాంటి బెదిరింపు పేజీలను ఆపే స్కేర్‌వేర్ బ్లాకర్ ఉంటే ఆన్ చేయాలి. పెద్దవాళ్లకు అడ్మిన్ కాకుండా మామూలు యూజర్ అకౌంట్ పెట్టాలి. ఎక్స్‌క్లూజన్స్ ఖాళీగా ఉండాలి. చివర్లో, ఆ సైరన్ పేజీ ఎలా ఉంటుందో ఒక ఫోటో చూపించి, ఎస్కేప్ కీని వాళ్ల వేలితోనే ఒకసారి నొక్కించాలి.

నాన్నకు మాత్రం వేరే కాగితం. ఆయనే పెద్ద అక్షరాలతో రాసుకుని మానిటర్ పక్కన గోడకు అంటించుకున్నారు: 'కంప్యూటర్ అరిస్తే భయపడకు. అది చూపించే నంబర్‌కు ఫోన్ చేయకు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయ్, ఏమీ పోదు. తర్వాత ఈ నంబర్‌కు చేయి.' కింద రాసింది నా నంబర్ కాదు, ఆ కుర్రాడిది. నేను మీటింగులో ఉంటే ఎత్తకపోవచ్చు, అతను ఎత్తుతాడని నాన్న నమ్మకం.

మోసగాడు స్క్రీన్ మీద తన నంబర్ పెద్దగా వేసి చూపిస్తున్నాడు. మీ నంబర్ దానికన్నా ముందే ఆ గోడ మీద ఉండాలి. ఆ నాలుగు వాక్యాలూ తీసుకోండి, కింద మీ షాపు పేరు, నంబర్ వేసి జిరాక్స్ తీయించి, మీరు ఇచ్చే ప్రతి కంప్యూటర్‌తో ఒకటి ఇవ్వండి. ఫోన్ వస్తే ఎత్తండి.

ఇట్లు,
తెనాలిలోని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారి కూతురు